చూలాలి చెయ్యి

నర్సమ్మ ఇంకా రాలేదు. రాకపోతే బాగుండు అని ఒకసారి, రాకపోతే నా గతేం కాను అని ఇంకోసారి, పుష్పావతి మనసు పొద్దుటి నుంచీ ఇదే పనిగా అటూ ఇటూ పొర్లుతోంది. అంగన్వాడీ అరుగు మీద గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆరో నెల పొట్ట ఒళ్లో బిందె పెట్టుకున్నట్టు ఉంది. అటుపక్క ఇంకా నలుగురు చూలాళ్లు, చంకన పిల్లల్ని వేసుకున్న తల్లులు, అందరి చూపూ బెళుగుప్ప రోడ్డు మీదే. బస్సు రావాలి, బస్సులోంచి నర్సమ్మ దిగాలి, ఆమె భుజాన నీలం రంగు ఐసు పెట్టె ఉండాలి, ఆ పెట్టెలో టీటీ సూదిమందు ఉండాలి. ఆ మందులో ఏం కలిపారో ఈ అరుగు మీద ఎవరికీ తెలియదు, తనకి తప్ప. తెలియడమే పాపమై కూర్చుంది. తెలియనివాళ్లు హాయిగా వక్కాకు నములుతున్నారు, ఒకరి పిల్లని ఒకరు ముద్దు చేస్తున్నారు, ఎండని తిడుతున్నారు. తనకేమో చెయ్యి చాపితే లోపలి బిడ్డకి ఏమవుతుందో, చాపకపోతే ఏమవుతుందో అన్నదే ధ్యాస.

అంతా ఆ జయరాం చేసిన పని. అనంతపురంలో డిగ్రీ చదివే తమ్ముడు, పోయిన వారం అక్కని చూసి పోదామని వచ్చినవాడు చూసి పోవచ్చు కదా, చదివిన చదువంతా తెచ్చి అక్క నెత్తిన దించి పోయాడు. శెనక్కాయల ఊరిబిండిలో సంగటి అద్దుకుంటూ, నోటినిండా పెట్టుకుని, ఊళ్లో సంగతులు చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. "సూదిమందు చెడిపోకుండా పాదరసం కలుపుతారంటక్కా. నెట్టు సెంటర్లో చదివినా. అమెరికాలో చంటిపిల్లోళ్ల సూదుల్లోంచి తీసేసినారంట. అది బిడ్డ మెదడుకి పోతాదంట." ఎంత కలుపుతార్రా అని అడిగితే, "కొంచెమే. కొంచెమైనా విషం విషమే కదక్కా," అన్నాడు. మరి వద్దంటావా అంటే భుజాలెగరేశాడు. "నేనేం చెప్తానక్కా, నీ బిడ్డ, నీ ఇష్టం." చెయ్యి కడుక్కుంటూ ఇంకా ఏదో అన్నాడు, దేంతోనో పోల్చి చెప్పాడు, అది ఆమె చెవికి ఎక్కలేదు. అప్పటికే చెవుల్లో సీసం పోసినట్టయింది. పాదరసం అంటే తనకి తెలియకపోతే కదా. కళ్యాణదుర్గం హైస్కూల్లో పదో తరగతి చదివేటప్పుడు సైన్సు గదిలో థర్మామీటరు కింద పడి పగిలితే, ఆడపిల్లలంతా నేల మీద పడి ఆ వెండి పూసల్ని చేతుల్లోకి ఎత్తుకుని ఆడారు. అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది, వేలితో తాకితే రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, పట్టుకుందామంటే జారిపోతుంది. సారు వచ్చి కర్రతో వాయించేదాకా ఆడారు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే అవే పూసలు, తన చేతి నరంలోంచి దొర్లుకుంటూ భుజం దాటి, గుండె దాటి, కిందికి, ముడుచుకుని పడుకున్న ఆ చిన్న తలకాయలోకి దొర్లుతున్నట్టు ఉంటుంది. కళ్లు తెరిస్తే ఎండ. ఆ ఎండే నయం అనిపిస్తుంది.

వద్దు, ఏయించుకోను, లేచి ఇంటికి పోతాను అని చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంది. వెంటనే వాడు కళ్ల ముందుకు వస్తాడు. పేరు కూడా పెట్టని తొలిచూలు కొడుకు. వాడు కడుపులో ఉండగా సూది వేసే బుధవారం శెనక్కాయ చెట్లు పీకే పనులు పడ్డాయి. "కూలోళ్లకి వంటెవరు చేస్తారు, సూదులతోనే బిడ్డలు పుడితే మేమంతా ఎట్ల కంటిమప్పా," అంది అత్త నల్లమ్మ, ఆ మాటతో సూది అయిపోయింది. మాఘమాసంలో ఇంట్లోనే కాన్పు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి, పొయ్యిలోని బూడిద అద్దింది. పిల్లాడు బంగారంలా ఉన్నాడు, చనుపాలు లాగి లాగి తాగాడు. ఒకనాడు పొద్దున చన్ను నోట్లో పెడితే పట్టుకోలేదు. పెదాలు రెండు పక్కలకీ సాగదీసి నవ్వాడు. నవ్వుతాండాడత్తా, నన్ను గుర్తు పట్టినాడు అని ఇల్లంతా వినబడేలా చెప్పింది, ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తన నోరు తానే నొక్కేసుకోవాలనిపిస్తుంది. అది నవ్వు కాదు, దవడ బిగుసుకుపోవడం. వంటింట్లో చెంబు కింద పడితే ఆ శబ్దానికి ఒళ్లంతా విల్లులా వంచుకున్నాడు. పక్షి దోషమన్నారు, తాయెత్తు కట్టారు, ఎవరి నీడో పడిందన్నారు. పురుడు చెయ్యకముందే పోయాడు. తర్వాత ఎప్పుడో నర్సమ్మ వచ్చి, అది దోషమూ కాదు పాడూ కాదు, ధనుర్వాతం, సూది ఏయించుకునుంటే బతికేవాడు అని గడపలో నిలబడి చెప్పి పోయింది. చెప్పి పోవడం ఎంత సులువు. మొగుడు వీరేష్ ఆ రోజు అన్నం తినలేదు, అత్త మాత్రం, "దానికేం తెలుసులే," అని గాదె వైపు తిరిగి చాలాసేపు నిలబడింది.

కాబట్టి ధనుర్వాతాన్ని తాను కళ్లారా చూసింది. పాదరసాన్ని ఎవరూ చూడలేదు, అది పుట్టాక ఎప్పుడో, మాటలు రాని నోట్లోనో నిలబడని మెడలోనో బయటపడుతుందేమో. చూసిన దానికి భయపడాలా, చూడని దానికి భయపడాలా? తక్కెడలో రెండు పళ్లేల్లోనూ తన బిడ్డే కూర్చున్నట్టుంది, ఎటు మొగ్గినా పోయేది తన బిడ్డే. వీరేష్‌ని అడిగితే, "నాకేం తెలుసు, ఆడోళ్ల సంగతి, నీ ఇష్టం," అన్నాడు. తమ్ముడు నీ ఇష్టమన్నాడు, మొగుడు నీ ఇష్టమన్నాడు. ఎన్నడూ ఏ చీర కట్టాలో, ఏ పూట పుట్టింటికి పోవాలో కూడా ఈమె ఇష్టానికి వదలని ఇల్లు, ఈ ఒక్క దాన్ని మాత్రం మొత్తంగా ఈమె ఇష్టానికి వదిలేసింది. రేపు ఏదన్నా అయితే నీ ఇష్టప్రకారమే కదా చేసినావు అనడానికి కాకపోతే మరెందుకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నిలబడ్డదాన్ని చూసి అందరూ నీ ఇష్టమమ్మా దూకు అంటున్నారు.

"సూది నొప్పా అక్కా?" అని పక్కనుంచి చెన్నమ్మ అడిగింది. వీళ్ల పొలంలోనే కూలికి వచ్చే పిల్ల, తొలిచూలు, ఐదో నెల, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. నొప్పేం లేదులే అని ఊరుకుంటే పోయేది. పొద్దుటి నుంచీ నోరు కట్టేసుకుని ఉన్న పుష్పావతికి, అడిగిన మనిషి దొరకగానే కట్ట తెగింది. తమ్ముడు చెప్పిందంతా, పాదరసం, మెదడు, అమెరికా, అన్నీ గుసగుసగా ఆ పిల్ల చెవిలో పోసేసింది. పోశాక కాస్త తేలికైంది. చెన్నమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మరి నువ్వు ఏపిచ్చుకుంటావా అక్కా?" అంది. "తెలీదు చెన్నీ." ఆ పిల్ల కళ్లల్లో తన భయమే అచ్చంగా దిగి ఉండటం చూసి పుష్పావతికి ఒక్క క్షణం తోడు దొరికినట్టే అనిపించింది, ఆ అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది. చెన్నమ్మ కాసేపటికి నీళ్లు తాగొస్తానని లేచి బోరింగు దగ్గరికి పోయింది, పోయింది మళ్లీ వచ్చి కూర్చోలేదు. అక్కడే నిలబడి వచ్చేపోయే వాళ్లకి బోరింగు కొట్టిపెడుతూ ఉంది. పిలవాలని పుష్పావతి అనుకుంది, ఏమని పిలవాలో తెలియక ఊరుకుంది.

పడమట గుమ్మఘట్ట వైపు ఆకాశం నల్లబడుతోంది, కానీ నల్లబడితే ఏం, మూడేళ్లుగా ఇట్లా నల్లబడీ నల్లబడీ గాలి కొట్టుకుపోతూనే ఉంది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. మృగశిరలో, అదే మిరుగు కార్తెలో, విత్తడానికి సరిపడా ఒక్క పదును వాన పడితే ఊరంతా ఆశపడి విత్తారు, విత్తనం మొలిచి రెండాకులు వేసి, పైన చినుకు లేక కమిలిపోయింది. ఇప్పుడు మళ్లీ అప్పు చేసి తెచ్చిన విత్తనం ఇంట్లో మూటల్లో ఉంది, మళ్లీ చినుకు పడితే దానికి మళ్లీ మందు కలపాలి, మళ్లీ తన చెయ్యే పడాలి. ఈ ఇంట్లో అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడది ఉంటే విత్తనానికి మందు పట్టించేది ఆమే. చూలాలి చెయ్యి పడితే చేను కూడా కడుపు పండుతుందని. ఇంట్లో లేకపోతే వీధిలోంచి పిలిచి మరీ కలిపించుకుంటారు, కలిపినామె ఒళ్లో చేరెడు కాయలు పోసి పంపుతారు. మొన్న మిరుగులో తనని పీట వేసి కూర్చోబెట్టారు. అత్త బొట్టు పెట్టింది. తొలిచూలు పోయినప్పటి నుంచీ తనని ఏ శుభానికీ ముందుకి పిలవని అత్త, ఆ రోజు పుష్పా రా తల్లీ అంది, ఆ మాటకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరిచిన గోనెపట్ట మీద ఒలిచిన విత్తనం గుట్టగా పోసి, నీళ్లు చిలకరించి, వీరేష్ డబ్బా మూత తీసి ఎర్రమందు గుమ్మరించాడు. పొడి లేచి ముక్కుల్లోకి పోయింది, తుమ్మింది, అందరూ నవ్వారు. రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి ఎంతసేపు కలిపిందో. చెయ్యి గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా అయింది, మంచి శకునమని అమ్మలక్కలు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని చూశారు. సబ్బుతో రుద్దినా గోళ్ల సందుల్లో ఎరుపు పోలేదు. పోకపోతే పోనీ, ముచ్చటగానే ఉందని అదే చేత్తో సంగటి తింది, అదే చేత్తో పొట్ట నిమురుకుంది. విత్తగా మిగిలిన విత్తనాన్ని అత్త పారేయలేక ఏడు నీళ్లు కడిగి ఎండబెట్టింది, వేయించి ఊరిబిండి నూరారు. జయరాం తిన్నది కూడా అదే, లొట్టలేసుకుంటూ, చెయ్యి కడుక్కుంటూ వాడన్న మాట...

ఏమన్నాడు వాడు? బోరింగు కీచుమంది, ఎవరో పిల్ల ఏడ్చింది, ఆ మాట తిన్నగా వచ్చి చెవిలో పడింది, ఇప్పుడే అన్నట్టుగా. "పాదరసమంటే ఏందో అనుకోవద్దక్కా. మన విత్తనాలకి పట్టించే ఎర్రమందు లేదా, అది గూడా ఆ జాతిదే. అందుకే బూజూ పురుగూ చస్తాండేది. సర్కారు అమ్మగూడదన్నా పాత డబ్బాలు ఇంకా అమ్ముతానే ఉండారు." అని, తుండుగుడ్డతో మూతి తుడుచుకుని, బస్సుకి టైమైందని పోయాడు. వాడికి తట్టలేదు, డిగ్రీ చదివినవాడికి. తనకీ తట్టలేదు. వాడు సూది భయంకరమని చెప్పడానికి ఎర్రమందుని తోడు తెచ్చుకున్నాడు గానీ, ఆ ఎర్రమందులో అక్క కూర్చుని ఉందని వాడు చూడలేదు. సూదిలో కొంచెమే అన్నాడు. ఎంత కొంచెం? చిన్న సీసాలో ఉండే మందులో ఒక చుక్కలో ఎన్నో వంతో. డబ్బాలో ఎంత? ముక్కులోకి పోయింది ఎంత, గోళ్లల్లో ఉన్నది ఎంత, కడిగినా కడగకపోయినా నూరుకుని తిన్నది ఎంత? పుష్పావతి తన చేతులు పైకెత్తి చూసుకుంది. గోళ్లు పెరిగి ఎరుపంతా పోయింది. పోయింది ఎక్కడికి పోయింది? వారం రోజులుగా తలుపు దగ్గర కర్ర పట్టుకుని దొంగ కోసం కాపు కాస్తోంది, వాడు ఎప్పుడో లోపలికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. కడుపులో బిడ్డ కదిలింది, కదిలిందా, పొద్దున కదిలింది, ఇప్పుడు కదిలిందా లేక తన గుండె చప్పుడా. అరుగు మీద నలుగురి మధ్య కూర్చుని ఒక్క కేక కూడా పెట్టలేక, పైట చెంగు నోట్లో కుక్కుకుంది.

బస్సు వచ్చింది. నర్సమ్మ ఈశ్వరి దిగింది, చెమటతో జాకెట్టు తడిసి, ఆలస్యానికి డ్రైవరుని తిట్టుకుంటూ. ఒకరి తర్వాత ఒకరు జబ్బ చూపించి మూలుగుతూ పక్కకి జరుగుతున్నారు. పుష్పావతి వంతు వచ్చింది. ముందు జాకెట్టు చెయ్యి పైకి లాగలేదు, అడిగింది. "దీంట్లో పాదరసం ఉంటాదంట, నిజమేనా నర్సమ్మా?" నర్సమ్మ సూది పట్టుకుని ఆగింది. "ఉంటాదనే అంటారు, ఇంతో అంతో. ఎంతో నాకు తెల్దు, పెద్ద డాక్టర్లు పెద్దగా భయం లేదంటారు. ధనుర్వాతం మాత్రం నాకు తెలుసు. నీకూ తెలుసు. ఏయమంటావా వద్దా, లైన్లో జనముండారు." మాట మొరటుగా ఉంది గానీ అబద్ధం లేదు. వారం రోజుల తక్కెడ అప్పటికే విరిగిపోయి ఉంది. సూది పళ్లెంలో బరువేమీ లేదని ఇప్పుడు తెలుసు. పోయిన కొడుకు నవ్వు మళ్లీ చూడలేను అనుకుని జాకెట్టు పైకి లాగింది. చీమ కుట్టినంతే. "ఇంకోటి నర్సమ్మా, విత్తనాలకి పట్టించే ఎర్రమందులో కూడా పాదరసమే అంట కదా. చేతులతో కలిపితే, కడుపుతో ఉన్నోళ్లు కలిపితే..." నర్సమ్మ దూది నొక్కి పట్టుకోమని వేలు చూపించింది. "ఎర్రమందా? దాని గురించి నాకెవరూ చెప్పలా తల్లీ. ఎవరూ అడగలా కూడా. మా ఇంట్లో కూడా చేతుల్తోనే కలుపుతారు." అని, తర్వాతామెని రమ్మని పిలిచింది. పుష్పావతి దూది నొక్కి పట్టుకుని అరుగు చివరికి జరిగింది. సూది గురించి భయపడితే చెప్పేవాళ్లున్నారు, తిట్టేవాళ్లున్నారు, దీని గురించి అడగడానికి కొట్టే తలుపు కాదు కదా, గోడ కూడా లేదు.

గాలి తిరిగింది. మట్టి వాసన ముందొచ్చింది, తర్వాత దుమ్ము, దుమ్ము మీద పెద్ద పెద్ద చినుకులు. అరుగు మీద ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు, ఎవరో ముసలామె రెండు చేతులూ చాపి వానలోకి నడిచింది, పిల్లలు కేకలు పెట్టారు. కాసేపట్లోనే వీధి ఎర్రటి నీళ్లతో పారింది. పుష్పావతికి కూడా ఒక్క క్షణం గుండె పొంగింది, రైతు ఇంటి ఆడదానికి వాన పడితే పొంగకుండా ఉంటుందా. అంతలో వీధి మలుపులో అత్త కనబడింది, తలమీద గోనెసంచి కప్పుకుని, ఆ వయసులో పరుగులాంటి నడకతో, ముఖమంతా నవ్వుగా. "పుష్పా, లెయ్యి. మంచి పదును దొరికింది. వీరేషు విత్తే గొర్రు కడతాండాడు. పట్ట పరిచి, మందు తీసి పెట్టినా. నీ చెయ్యి పడాల."

నిజం చెప్పాలి. నిజం చెబితే, మొలకలొచ్చే వేళకి ముదనష్టపు మాట అంటుంది, తమ్ముడి చదువుని తిడుతుంది, చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. ఈసారీ చేను ఎండితే కోడలు చెయ్యి వెయ్యలేదు కాబట్టే అని చచ్చేదాకా వింటుంది. పాదరసాన్ని నమ్మని అత్త దేన్ని నమ్ముతుందో పుష్పావతికి తెలుసు, అది తట్టగానే మాట నోట్లోంచి జారిపోయింది. "సూది ఏయించుకున్నానత్తా. సూదిమందు దిగిన చెయ్యి విత్తనానికి పనికిరాదంట. మొలక చస్తాదంట." అత్త కాళ్లు ఆగిపోయాయి. "ఎవరు చెప్పిరి?" "నర్సమ్మ." లోపల పెట్టె సర్దుకుంటున్న నర్సమ్మ తలెత్తి పుష్పావతిని చూసింది, చూసి మళ్లీ తల వంచుకుంది. నల్లమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నేను చెప్పలా ఆ సూదులొద్దని. పదును పోతాది, ఇప్పుడేం చేసేది." పుష్పావతి గోడకి ఆనుకుంది. తప్పించుకుంది. ఇన్ని రోజులు ఏ సూదిని చూసి వణికిందో అదే అడ్డం పడి కాపాడింది.

నల్లమ్మ చూపు అరుగంతా వెతికి, బోరింగు దగ్గర తడుస్తూ నిలబడ్డ పిల్ల మీద ఆగింది. "మ్మే చెన్నీ, నువ్వేపిచ్చుకున్నావా సూది?" చెన్నమ్మ తప్పు చేసినట్టు తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా." "మంచిపని చేసినావు. రా తల్లీ, మా విత్తనం కలుపుదువు. ఒళ్లో చేరెడు శెనక్కాయలు పోస్తా." ఆ పిల్ల ముఖం చూడాలి. కూలికి పిలిచే ఇంటివాళ్లు పీట మీద కూర్చోబెట్టడానికి పిలిచారు. తడిచేతులు చీరకి తుడుచుకుని, పుష్పావతి వైపు చూసి, నీ మాట విన్నందుకే కదక్కా ఈ మర్యాద అన్నట్టు నవ్వి, నల్లమ్మ వెంట నడిచింది. ఇక పుష్పావతి ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. తన బిడ్డకి ఇవ్వాళ్టి వరకు కొత్తగా ఏమీ కాదు, ఎవరికీ ఏమీ తెలియదు, వాన పడుతోంది, చేను పండుతుంది. సూది దగ్గర్నుంచి చెన్నీని తరిమింది తానే, మందు డబ్బాలోకి తోసింది తానే, ఐదో నెల పిల్లని, పసుపుతాడు పచ్చ ఆరని పిల్లని. ఇద్దరూ వీధి సగం దాటారు. పొట్ట కింద చెయ్యి పెట్టుకుని పుష్పావతి అరుగు దిగింది, జారే బురదలో, వానకి ఎదురుగా.

"చెన్నీ, ఆగు. పోవద్దు." ఇద్దరూ తిరిగారు. "నేను అబద్ధం చెప్పినా అత్తా. సూదికేం కాదు. చెన్నీ, నర్సమ్మ ఈడనే ఉండాది, పోయి ఏపిచ్చుకో, నా కొడుకు ఎట్ల పోయినాడో నువ్వు చూళ్లేదు. ఆ ఎర్రమందు మాత్రం ముట్టుకోవద్దు. పాదరసం ఉండేది దాంట్లో. మూతలేసి మనం ఇంట్లో పెట్టుకున్న దాంట్లో. అది కడుపులో బిడ్డకి పోతాది." గొంతు పైకి లేచింది, అరుగు మీద ఆడవాళ్లంతా వింటున్నారు, విననీ. చెన్నమ్మ నల్లమ్మ ముఖంలోకి చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. తిట్టు వస్తుందని పుష్పావతి కళ్లు గట్టిగా మూసుకుంది. తిట్టు రాలేదు. గోనెసంచి అంచునుంచి నీళ్లు కారుతుంటే నల్లమ్మ కోడలి వైపు రెండడుగులు వేసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మరి మొన్న నువ్వు కలిపితివి కదే?"

"కలిపినా," అంది పుష్పావతి.

నల్లమ్మ చూపు కోడలి ముఖం మీంచి మెల్లగా పొట్ట మీదికి దిగింది.